వాగుడు వారోత్సవం

హాస్టలు,
ఆదివారం

బంగారంలాంటి అమ్మకి,

పొద్దున నువ్వు ఫోన్ చేసినప్పుడు ఒక సంగతి చెబుదామని మొదలుపెట్టాను. "అమ్మా, నన్ను కా..." అనేలోపలే నువ్వు "కాళ్లనొప్పులా? కాసిని మందులు పంపనా? కాలేజీలో ఎవరైనా ఏమైనా అన్నారా?" అని వరసబెట్టి అడిగి, అన్నిటికీ నువ్వే జవాబు చెప్పుకుని, "సరేలే, వేళకి తిను" అని పెట్టేశావు. నీ తప్పేం లేదులే. ఆస్పత్రిలో పొద్దస్తమానం రోగుల పేర్లు పిలిచే ఉద్యోగం నీది. రెండుసార్లు పిలిచి పలక్కపోతే తర్వాతి పేరు పిలవడం అలవాటైపోయింది. ఇంట్లోనూ అంతే. నాన్నకి మాటలొచ్చీ మాట్లాడడు, నాకు రాక మాట్లాడను, మన కొంపకి నువ్వొక్కదానివే రేడియో. అందుకే ఈ ఉత్తరం. కాగితం మీద నాకు నత్తి లేదు. మధ్యలో నా మాట అందుకునేవాళ్లూ లేరు. కావాలంటే నిన్ను తీరిగ్గా తిట్టుకోవచ్చు కూడా.

పొద్దున చెప్పబోయింది ఇది. నన్ను కాలేజీ పోస్టరు మీదికెక్కించారు. గేటు దగ్గరొకటి, లైబ్రరీ మెట్ల దగ్గరొకటి, ఆఖరికి క్యాంటీన్లో చేతులు కడుక్కునేచోట కూడా ఒకటి. నిలువెత్తు నేను, నోరు మూసుకుని నవ్వుతుంటాను. కింద లావుపాటి అక్షరాలతో "మీరు చెప్పేదాకా ఆగుతాం" అని ఉంటుంది.

మా కాలేజీలో ఏటా ఒక వారం పాటు విద్యార్థులకి ఏదో ఒక విషయంలో కళ్లు తెరిపిస్తారు. పోయినేడు రోడ్డు భద్రత. ఆ వారంలోనే కాలేజీ వ్యాను వెళ్లి కాలేజీ గోడనే గుద్దింది. ఈ ఏడు కాలేజీకి గ్రేడు ఇచ్చే తనిఖీ బృందం సరిగ్గా ఆ వారమే వస్తోందట. అందుకని మనసులు కరిగించేది ఏదైనా పెట్టాలనుకున్నారు. చూపులేనివాళ్లనీ, వినబడనివాళ్లనీ పక్క కాలేజీలు ముందే వాడేసుకున్నాయి. మిగిలింది మేమే. కాలేజీ అంతా జల్లెడ పడితే పైకి తెలిసే నత్తి నాదొక్కటే దొరికింది.

పేరు పెట్టడానికి కమిటీ ఒక పూటంతా కొట్టుకుంది. నత్తి అనకూడదట, మొరటుగా ఉంటుందట. చివరికి తెలుగు సారు "వాక్ప్రవాహ వైవిధ్య చైతన్య వారోత్సవం" అన్నాడు. రెండోసారి అనబోతే ఆయనకే నోరు తిరగలేదు. నాకు కిసుక్కున నవ్వొచ్చింది. అందరూ నా వంక జాలిగా చూశారు. హాస్టల్లో మాత్రం దీన్ని వాగుడు వారోత్సవం అంటున్నారు. నన్ను ఎప్పటిలాగే "రికార్డు" అంటున్నారు, అరిగిపోయిన రికార్డన్నమాట. మొదటేడు పెట్టిన పేరు. నీకు తెలియదు.

నీకు తెలియనిది ఇంకోటుంది. కూర్చుని చదువు. పోయినసారి పరీక్షల ఫలితాలు వచ్చినప్పుడు "అన్నీ పాసేగా తల్లీ" అన్నావు. నేను కాదని చెప్పేలోపు ఫోన్ పెట్టేసి వీధంతా చెప్పొచ్చావు. వైవా పోయింది. ఎదురుగా కూర్చోబెట్టి నోటితో జవాబు చెప్పించే పరీక్ష అది. వృక్షశాస్త్రం విభాగానికి పెద్ద, మేం హెడ్డుసారు అంటాం, ఆయనే అడిగాడు: మొక్క తన ఆహారం ఎలా తయారుచేసుకుంటుంది? బళ్లో చదివే పిల్లలకి కూడా తెలుసు. కిరణజన్య సంయోగక్రియ. చూడు, కాగితం మీద ఎంత సుఖంగా వచ్చిందో. నోటి దగ్గరికొచ్చేసరికి "కి" తలుపేసుకుని కూర్చుంది. "క" నాకు పుట్టుశత్రువు కదా, కాఫీ అంటే ప్రాణమైనా ఎక్కడికెళ్లినా టీ అడిగి తాగే దాన్ని. సరే, ఇంగ్లీషు పేరుతో గట్టెక్కుదామని "ఫో" అన్నానో లేదో, "తెలుగు మీడియం కదమ్మా, తెలుగులో చెప్పు" అన్నాడు. మళ్లీ "కి" దగ్గరికే వచ్చాను. ఆయన వాచీ చూసుకున్నాడు. "చదవకుండా వచ్చి నసుగుతున్నావు, వెళ్లు" అన్నాడు. నసుగుడంటే జవాబు తెలియనివాళ్లు చేసేది. నాకు తెలుసు. తెలిసి కూడా చెప్పలేకపోతే గొంతులో ఎలా ఉంటుందో ఆయనకేం తెలుసు?

ఆ హెడ్డుసారే ఈ వారోత్సవానికి కన్వీనరు. గదికి పిలిచి, కుర్చీ చూపించి, "నీ మొహం మాకివ్వమ్మా, వారం ఆఖర్న నీకు మళ్లీ వైవా పెట్టిస్తాను. బయటినుంచి వచ్చే ఎగ్జామినరుకి చెప్పి ఎంతసేపు కావాలంటే అంతసేపు టైమిప్పిస్తాను" అన్నాడు. ఇది గట్టెక్కితే డిగ్రీ. లేకపోతే ఇంకో ఏడాది ఇక్కడే. విత్తనాలు పరీక్షించే ల్యాబులో నాకిస్తామన్న ఉద్యోగం ఏడాదిపాటు నాకోసం కూర్చోదు. పైగా అక్కడ రోజంతా విత్తనాలతోనే పని, అవి నన్ను పేరడగవు. అందుకే ఒప్పుకున్నాను. మొహమిచ్చి నోరు తెచ్చుకుంటున్నాను. బేరం బాగానే ఉంది కదూ?

నాన్నకి చెప్పు. ఆయన ఏమీ అనడని తెలుసు, అయినా చెప్పు.

నువ్వు అందరికీ చెప్పుకునే
నోట్లో నాలుక లేని పిల్ల

*

హాస్టలు,
బుధవారం

అమ్మా, నా రేడియో అమ్మా,

నిన్న సాయంత్రం నీ ఫోనుకి నేను ఒక్క మాట కూడా బదులు చెప్పలేదు. ఆనందంతో గొంతు పూడుకుపోయిందనుకున్నావు. పక్కన పిన్నికి కూడా అదే చెబుతున్నావు, వినబడింది. కాదు. అసలు జరిగింది చెబుతాను.

కాలేజీ వాళ్లు నీ ఫోనుకి పంపిన సినిమా నువ్వు చూశావు. అందులో నేను తెల్ల గోడ ముందు నిలబడి నా గురించి, నా చదువు గురించి గడగడా చెప్పేస్తుంటాను. ఎక్కడా తట్టుకోను. ఎలా కుదిరిందో తెలుసా? నేను మాట్లాడింది చాలాసేపు. ఫిల్మ్ క్లబ్ కుర్రాడొకడు దాన్ని కంప్యూటర్లో పెట్టి, నేను ఆగిన చోటల్లా కత్తిరించేశాడు. ఆగినవి పోగా మిగిలిన ముక్కలు అతికించాడు. "గ్యాపులన్నీ తీసేశానక్కా, వెన్నలా వచ్చింది" అని సంబరపడుతూ చూపించాడు. వాడి మీద కోపం తెచ్చుకోలేకపోయాను, నాకు మేలు చేశాననే అనుకుంటున్నాడు పాపం. నత్తి గురించి తీసిన సినిమాలో నత్తి లేకుండా చేసిన ఘనత మా కాలేజీకే దక్కుతుంది. తలనొప్పి వస్తే తల తీసేశారు.

హెడ్డుసారు చూసి "బాగుందిగానీ, ఈ పిల్లకి సమస్య ఉన్నట్టే తెలియడం లేదే" అన్నాడు. నేను బతికిపోయాననుకున్నాను, మళ్లీ తీస్తారేమోనని. అలా కాదు. నత్తి వేయడానికి నాటకాల బృందంలోంచి ఒక పిల్లని పెట్టారు. శనివారం ముగింపు సభలో ఆ పిల్ల నాలాగా నత్తిగా మాట్లాడి చూపిస్తుంది, తర్వాత నా సినిమా వేస్తారు, వైద్యుడి ప్రకటనలో ముందూ తర్వాతా అన్నట్టు. ఆ పిల్ల నిన్న నా గదికి వచ్చింది. వినయంగా మంచం చివర కూర్చుని "అక్కా, నువ్వు ఆగినప్పుడు కళ్లు మూస్తావా, తెరిచే ఉంచుతావా? పెదవి ముందు వణుకుతుందా, గడ్డమా?" అని అడిగింది. నేర్పాను. ఏం చెయ్యను మరి, మన విద్య ఒకరికైనా పనికొస్తోంది. నాలుగుసార్లు చేయించాను. నాకన్నా బాగా చేసింది.

ఇంకో నిజం చెబుతాను, నవ్వకు. ఆ సినిమా నాకు నచ్చింది. మొదటిసారి చూసినప్పుడు ఎవరో పిల్లనుకున్నాను. తర్వాత దుప్పటి ముసుగేసుకుని మళ్లీ మళ్లీ విన్నాను. నా గొంతు అలా ఉంటుందని నాకెప్పుడూ తెలియదు. కాస్త నీ గొంతులాగే ఉంది. అంత అందంగా మాట్లాడే పిల్ల మీద నాకు ఎంత అసూయ పుట్టిందో చెప్పలేను.

అలాంటప్పుడు నీ ఫోన్ వచ్చింది. "నా తల్లీ, ఇన్నాళ్లకి నా బిడ్డ గొంతు విన్నానే" అని ఏడ్చావు. అమ్మా, మరి ఇరవై ఏళ్లుగా నీతో మాట్లాడింది ఎవరు? చిన్నప్పుడు నీ కొంగు పట్టుకుని, నువ్వు పోపు వేసుకుంటుంటే, బళ్లో జరిగిందంతా చెప్పడానికి ఆయాసపడిపోయేదాన్నే, ఆ గొంతు ఎవరిది? అది గొంతు కాదా? కత్తిరించి అతికిస్తేగానీ నేను నీకు వినబడలేదా? రికార్డు అని పిలిచినవాళ్ల వల్ల కూడా నాకు ఇంత కష్టం కలగలేదు. వాళ్లు పరాయివాళ్లు.

సరే, పోనీ. నువ్వు నొచ్చుకుంటావని తెలిసే రాశాను, కొట్టేయను. శనివారం సభకి నిన్ను కూడా పిలుస్తున్నారట, ముందు వరసలో కుర్చీ వేస్తారట. రా. నన్ను వేదిక మీద బొమ్మలా నిలబెట్టి జ్ఞాపిక ఇద్దామనుకుంటున్నారు. నేను మాత్రం మైకు అడిగి, నా మాట కత్తిరించారని చెబుతాను. అప్పటికి వైవా అయిపోతుంది కాబట్టి వాళ్లతో నాకు పనుండదు. ఆ ఒక్క వాక్యం చెప్పడానికి ఎంతసేపు పట్టినా చెబుతాను. నువ్వు ఊరికే కూర్చుని విను. నిన్ను ఇంతకుముందెప్పుడూ ఏమీ అడగలేదు.

నీ గొంతు పోలిక వచ్చిన
కూతురు

*

హాస్టలు,
ఆదివారం

అమ్మకి,

నిన్న సభ అవగానే బస్సు టైమైపోతోందని పరుగెత్తావు. నా కళ్లలోకి చూడలేదు. చూసుంటే ఈ ఉత్తరం అక్కర్లేకపోయేదేమో.

ముందు శుక్రవారం సంగతి. వైవా గదిలో హెడ్డుసారు, పక్కన బయటినుంచి వచ్చిన ఎగ్జామినరు. నేను కూర్చోగానే ఎగ్జామినరు మొహం వెలిగిపోయింది. "అరె, ఈ అమ్మాయి ఆ సినిమాలో అమ్మాయే కదా. గేటు దగ్గర టీవీలో చూశాను. ఎంత చక్కగా మాట్లాడావమ్మా" అన్నాడు. తర్వాత నా దరఖాస్తు తిప్పి చూసి, మొహం చిట్లించాడు. "ఇదేమిటి, ఎక్కువ టైము కావాలని రాశారు? అంత గడగడా మాట్లాడే పిల్లకి టైమెందుకు?"

హెడ్డుసారు వంక చూశాను. ఒక్క ముక్క చెబితే చాలు, అది కత్తిరించిన సినిమా అని. బయట తనిఖీ బృందం తిరుగుతోంది, ఆ సినిమానే వాళ్లకి గొప్పగా చూపించారు. ఆయన కాగితాలు సర్దుకుంటూ కూర్చున్నాడు. నేనే చెబుదామని నోరు తెరిచాను. "అది క..." అంతే. ఊపిరి అక్కడే నిలిచిపోయింది. ఎడిట్ చేశారనొచ్చు, మార్చారనొచ్చు, నాకు మాటలు మార్చుకోవడం పుట్టినప్పటినుంచీ అలవాటే. నోట్లోకి వచ్చాయి కూడా. ఎందుకో ఆ పూట మార్చబుద్ధి కాలేదు. నన్ను చేసింది కత్తిరించడమే, ఇంకోటి కాదు. నేను "క" దగ్గరే ఉన్నాను. ఎగ్జామినరు కాసేపు చూసి, "నటించకమ్మా, ఇలా జాలి పుట్టించి మార్కులు తెచ్చుకోవాలనుకోవడం మంచిది కాదు" అన్నాడు. ప్రశ్న కూడా అడగలేదు. నేను బయటికొచ్చేసరికి గోడ మీద నేనే నవ్వుతున్నాను, మీరు చెప్పేదాకా ఆగుతాం అంటూ.

పని ఉండదనుకున్న వాళ్లతో పని మళ్లీ పడింది. అయినా ఆ రాత్రంతా ఆలోచించి, ఇక పోయేదేముంది, అనేద్దామనే అనుకున్నాను.

ఇక నిన్నటి సంగతి. నాటకాల పిల్ల నత్తి వేసినప్పుడు హాలంతా పగలబడి నవ్వారు. నువ్వు నవ్వలేదు, చూశాను. సినిమా వేశారు, కొందరు కళ్లొత్తుకున్నారు. నన్ను పిలిచి జ్ఞాపిక చేతికిచ్చారు. నేను మైకు వైపు చెయ్యి చాపాను. యాంకరు పిల్ల బిత్తరపోయి హెడ్డుసారు వంక చూసి, ఇక తప్పక ఇచ్చింది.

"ఈ కాలేజీ వాళ్లు" అన్నాను. తడబడుతూనే వచ్చింది. చప్పట్లు కొట్టారు. "నన్ను" అన్నాను. మళ్లీ చప్పట్లు. ధైర్యమిస్తున్నారట. చప్పట్ల మధ్య సందు చూసుకుని "క" అన్నాను. ఆగిపోయాను. అప్పుడొక వింత జరిగింది అమ్మా. చప్పట్లు ఆగాయి. వెనక బెంచీల్లో గోల ఆగింది. ఆ హాలు, ఆ జనం, నిజంగానే నాకోసం ఆగారు. ఎవరూ వాచీ చూసుకోలేదు. తనిఖీ బృందంలో ఒక ముసలాయన ముందుకి వంగి, నిదానంగా రా అన్నట్టు తల ఊపాడు. గొంతులో ముడి వదులవుతోంది. వచ్చేస్తోంది. నాకు తెలుసు, నీటి కింద నుంచి పైకి తేలుతున్నట్టు తెలుస్తుంది, ఇంకొక్క ఊపిరి చాలు.

నువ్వు లేచావు. మైకు లేకుండా ఆస్పత్రి వరండా చివరిదాకా వినబడే నీ గొంతుతో "కన్నబిడ్డలా చూసుకున్నారు" అన్నావు. "ఈ కాలేజీ వాళ్లు నన్ను కన్నబిడ్డలా చూసుకున్నారని చెబుతోందండీ మా అమ్మాయి."

హాలు కూలిపోయేలా చప్పట్లు. ముసలాయన కళ్లు తుడుచుకున్నాడు. హెడ్డుసారు నీకు దణ్ణం పెట్టాడు. నా చేతిలోంచి మైకు ఎవరు తీసుకున్నారో కూడా తెలియదు.

నీకు రాశాను కదమ్మా, ఊరికే కూర్చుని వినమని. అలవాటు కొద్దీ నోరు జారిందని సర్దుకుందామంటే మనసొప్పడం లేదు. పిలిచిన పేరు పలకకపోతే తర్వాతి పేరు పిలుస్తావు, సరే. ఈసారి నేను పలుకుతూనే ఉన్నాను.

ఇంకేం రాయను. వైవా మళ్లీ పోయింది, ఉద్యోగం పోతుంది, ఇంకో ఏడాది ఫీజు గురించి నాన్నకి నువ్వే చెప్పు. ఎటూ నా మాటలన్నీ చెప్పేది నువ్వే.

ఇట్లు,
కన్నబిడ్డ

*

ఇంటి దగ్గర,
గురువారం

నా తల్లికి,

ఉత్తరం రాసి ఎన్నేళ్లయిందో. చెయ్యి తిరగడం లేదు, తప్పులుంటే సర్దుకో. ఫోన్ చేద్దామనుకున్నాను. చేస్తే నువ్వు మాట్లాడవు, నేనే మాట్లాడి పెట్టేస్తాను. అందుకని రాస్తున్నాను.

నువ్వు తిట్టినవన్నీ చదివాను. తిట్టు. ఒక్కటి మాత్రం తప్పు రాశావు. అలవాటు కొద్దీ అన్నానని రాశావు. కాదు. నువ్వు ఏమనబోతున్నావో నాకు తెలుసు. నీ నోట్లో మాట నీకన్నా ముందు నాకు తెలుస్తుంది, కన్నదాన్ని. నన్ను కత్తిరించారు అనబోయావు. నీ రెండో ఉత్తరం ఆ పూట నా చేతి సంచిలోనే ఉంది. తెలిసే అన్నాను.

హెడ్డుసారు గారు నా పక్క కుర్చీలోనే కూర్చున్నారు. నాటకం జరుగుతుండగా నా వైపు వంగి నెమ్మదిగా చెప్పారు. అమ్మా, మీ అమ్మాయి వైవా మళ్లీ పోయింది, బయటినుంచి వచ్చినాయన మార్కులేమీ వేయలేదు, కానీ మార్కుల కాగితం ఇంకా నా దగ్గరే ఉంది, ఈ తనిఖీకి వచ్చినవాళ్ల ముందు సభ సాఫీగా జరిగిపోతే నేను చూసుకుంటాను, పిల్ల జీవితం కదా అన్నారు. నువ్వు మైకు తీసుకోగానే ఆయన నా వంక చూశారు. చూశారంతే.

నువ్వు "క" దగ్గర ఆగావు. ఏం చెయ్యమంటావు? నీ మాట బయటికొస్తే నీ డిగ్రీ పోతుంది, ఉద్యోగం పోతుంది. ఆత్మగౌరవం గొప్పదే తల్లీ, నేనూ ఒప్పుకుంటాను, కానీ అది అన్నం పెట్టదు. నువ్వు రేపు ఎవరి దగ్గరికి వెళ్లి నోరు తెరిచి ఉద్యోగం అడుగుతావు? ఆ విత్తనాలు నిన్ను పేరడగవని నువ్వే రాశావు. అలాంటి చోటు నీకు ఇంకోటి దొరుకుతుందా? నేను రోజూ వందమంది జబ్బు మనుషుల్ని చూస్తాను, ఎవరి తరఫున గట్టిగా అడిగేవాళ్లుంటే వాళ్లకే ముందు పని జరుగుతుంది. నీ తరఫున నేనున్నాను. అందుకే లేచాను. మళ్లీ అలాంటి పూట వస్తే మళ్లీ లేస్తాను. అబద్ధం చెప్పను.

నీ మాటలు పూర్తి చేసేది తొందర కొద్దీ అనుకుంటున్నావు. కాదే. నువ్వు ఊపిరందక మెడ నరాలు లేచి కొట్టుకుంటుంటే నేను చూడలేను. నీ చిన్నప్పటినుంచీ చూడలేను. అది నా పిరికితనం.

ఇన్నాళ్లకి నీ గొంతు విన్నానన్నది మాత్రం అనకూడని మాట. ఆ మాటకి చెంపలేసుకుంటున్నాను. మీ నాన్న నీ ఉత్తరం చదివి రెండు రోజులుగా నాతో మాట్లాడడం లేదు. ఎప్పుడూ మాట్లాడడు కాబట్టి మొదట నాకు తెలియలేదు.

పాసయ్యావని హెడ్డుసారు గారు నిన్న ఫోన్ చేసి చెప్పారు. సంతోషంగా ఉండు. వేళకి తిను.

మీ అమ్మ

*

హాస్టలు,
మంగళవారం

అమ్మా,

నోటీసు బోర్డులో చూశాను. పాసు. హెడ్డుసారు మంచి మార్కులే వేశాడు. ప్రశ్న అడక్కుండా జవాబు రాకుండా అన్ని మార్కులు రావడం ఈ కాలేజీ చరిత్రలో మొదటిసారి అయ్యుంటుంది. కాలేజీకి కూడా మంచి గ్రేడే వచ్చిందట. తాంబాళం నిండా లడ్డూలు అని రాద్దామనుకున్నాను గానీ, ఇచ్చింది ఒక్కొక్కరికి ఒక్క బిస్కెట్టు. పోస్టర్లు తీసేస్తున్నారు. జిగురు గట్టిగా పట్టేసి గేటు దగ్గర నా గడ్డం మాత్రం రావడం లేదు.

నీ ఉత్తరం చదివి ఒక పూటంతా పడుకున్నాను. నువ్వు పొరపాటున నా నోరు నొక్కావనుకున్నప్పుడే నయం. కోపం ఒక చోట ఉండేది. ఇప్పుడు నువ్వు నాకోసమే నొక్కావు. నాకు తెలియకుండా నన్ను కొనిపెట్టావు. దీనికి నేను ఎవర్ని తిట్టుకోవాలి?

ఆ మార్కులు వాళ్ల మొహాన కొట్టి వద్దామని హెడ్డుసారు గది దాకా వెళ్లాను. గుమ్మంలో నిలబడ్డాక ఉద్యోగం గుర్తొచ్చింది. వచ్చే నెల మొదటి తారీకున చేరమన్నారు. నీ కూతుర్నే కదా, లెక్కలు నాకూ వచ్చు. మార్కులు ఉంచేసుకున్నాను. సిగ్గుగా ఉంది, అయినా ఉంచేసుకున్నాను. నువ్వు గెలిచావు, అది నీకు చెప్పాలి కాబట్టి చెబుతున్నాను.

లోపలికి మాత్రం వెళ్లాను. "ఏమ్మా, పాసయ్యావుగా, ఇంకేం కావాలి" అన్నాడు. పోయినసారి అడిగిన ప్రశ్నకి జవాబు చెబుతానన్నాను. కుర్చీ చూపించలేదు. నిలబడే మొదలుపెట్టాను. నేను "కి" దగ్గర ఉండగా ఆయన ఒక ఫోన్ మాట్లాడాడు. "సంయోగ" దగ్గరికొచ్చేసరికి అటెండరుని పిలిచి టీ తెమ్మన్నాడు. నేను ఆపలేదు. వెలుతురు ఎలా తీసుకుంటుందో, నీళ్లు ఎటునుంచి వెళ్తాయో, ఆకు ఏం చేస్తుందో అంతా చెప్పి బయటికొచ్చాను. ఆయన విన్నాడని నేననుకోను. నేను విన్నాను. ఏ సినిమాలోనూ లేని గొంతు, మధ్యమధ్య తెగిపోతూ, ఆయాసపడుతూ. అసూయపడేంత అందం ఏమీ లేదు దానికి. నాదే అది.

శనివారం ఇంటికొస్తున్నాను. వచ్చి నీతో ఒక మాట అనాలి. ఉత్తరంలో రాసేస్తే సులువుగా అయిపోతుంది, అందుకే రాయడం లేదు. అది కూడా "క" తోనే మొదలవుతుంది. కోపమనుకుంటావు. కృతజ్ఞత అనుకుంటావు. ఏదో ఒకటి అనేసుకుని, అదే అయ్యుంటుందని, నా బదులు నువ్వే అనేసి, కళ్లు తుడుచుకుని వంటింట్లోకి వెళ్లిపోతావు. ఈసారి నీకు తెలియదమ్మా. నీ ఒడిలో పెరిగినా సరే, నీ ఆస్పత్రిలో ఎన్ని పేర్లు పిలిచినా సరే, ఇది నీకు తెలియదు. నా మెడ నరాలు లేస్తాయి, మొహం ఎర్రబడుతుంది, చూడలేకపోతావు. చూడు. నేను అనేదాకా ఆగు.

నీ కూతురు